వెయ్యి దాటి తొమ్మిది

మా లెక్కల మాస్టారు పోయారని అమ్మగారు ఫోన్ చేస్తే, "డాక్టరు సరిగ్గా చూశారా అండీ?" అని అడిగాను. పోయిన మనిషి భార్యని అడగాల్సిన మాటా అది! కానీ నాకా బుద్ధి నేర్పింది ఆయనే. అమ్మగారు కూడా ఏమీ అనుకోలేదు. "నేనూ రెండుసార్లు చూడమన్నానమ్మా" అన్నారు.

మాస్టారిది మిరప పండించే ఇల్లు. గుంటూరు యార్డులో కొనేవాళ్ళు మిరప బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు కాయ పైకి లాగి చూస్తారు, తడి కాయ కలిపారేమోనని. ఆయన సంఖ్యల్నీ అలాగే చూసేవారు. బోర్డు మీద ఓ పెద్ద సంఖ్య రాసి, ఒకటీ తనూ తప్ప ఇంకే ఎక్కంలోనూ పోని ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చమనేవారు. "పైన మంచి కాయలు అందరూ పెడతారమ్మా. అడుగుదాకా చెయ్యి పెట్టు" అనేవారు. టీలో పంచదార వేశామన్నా నమ్మేవారు కాదు, చెంచాతో అడుగు తిప్పి చూసుకునేవారు.

పదో తరగతిలో నాకొక్కదానికే ఒక సంఖ్య ఇచ్చారు: 1022117. వారం రోజులు భాగహారాలే. రెండుతో మొదలుపెట్టి 997 దాకా, వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది. దేంతోనూ పోలేదు. "ప్రధాన సంఖ్యేనండీ" అని కాగితాలు బల్ల మీద పెట్టాను. ఆయన ఒక్కో కాగితం తిరగేసి, నా మొహంలోకి చూసి ఓ నవ్వు నవ్వి, "సరే, వెళ్ళు" అన్నారు. అంతే.

ఆ నవ్వు నన్ను కాల్చుకు తింది. ఎవరి దగ్గరో చూసి రాశాననుకున్నారు, ఖాయం! అడిగే ధైర్యం లేదు. తర్వాత నేనూ లెక్కల టీచర్నయ్యాను. గుంటూరు బ్రాడీపేట బళ్ళో ఏటా పిల్లల ముందు ఆ సంఖ్య రాసి, "ఇది నేను తేల్చిన ప్రధాన సంఖ్య" అని గొప్పగా చెప్పుకున్నాను. మాస్టారిని చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా, "ఆ సంఖ్య ఎలా ఉందమ్మా?" అనేవారు. దెప్పుతున్నారనుకుని, "బాగానే ఉందండీ" అని మాట మార్చేదాన్ని.

పెద్దకర్మ రోజున అమ్మగారు ఆయన పాత నోట్సు తెచ్చి చేతిలో పెట్టారు. "ఇందులో నీ పేరుందమ్మా, చూడు."

నా పేరు, ఆ సంఖ్య, కింద ఆయన గుండ్రటి అక్షరాలు: "పని సొంతదే. వెయ్యి దగ్గర ఆగిపోయింది. మళ్ళీ వస్తుంది." ఆ కింద సగం పేజీ ఖాళీగా వదిలారు.

వెయ్యి దగ్గర ఆగడమేమిటి? సంఖ్య వర్గమూలం దాకా ప్రతి ప్రధాన సంఖ్యతోనూ చూడాలి. అది వెయ్యేలే అనుకున్నాను గానీ, కట్టి చూడనే లేదు. ఇప్పుడు కడితే వెయ్యిన్ని పది దాటింది. ఆ మధ్యలో నేను వదిలేసిన ప్రధాన సంఖ్య ఒక్కటే, 1009. అక్కడే కూర్చుని భాగించాను. శేషం సున్నా.

ఛీ! ఇన్నేళ్ళూ ఆయన నవ్వుని అనుమానించాను గానీ, ఆ సంఖ్యని ఒక్కనాడూ అనుమానించలేదు. ఏడుపొచ్చింది. ఒక్క మాట చెప్పొచ్చుగా మాస్టారూ అని కోపమూ వచ్చింది.

ఖాళీ వదిలిన చోట 1009 × 1013 అని రాశాను. తిరిగి గుణించాను. సరిపోయింది. అయినా నోట్సు మూయబుద్ధి కాలేదు. దిద్దుతారేమోనని, ఆయన కుర్చీ వైపు తిప్పి పెట్టాను.