అడాజన్ ఫ్లాటులో నేను వదలని సందు

మగ్గాలు నడిచిన రోజుల గురించి మావాళ్లు చాలా చెప్పుకుంటారు. అవి ఆగిన రోజుల్లో మా చేతులు ఇంకేం పని నేర్చుకున్నాయో ఎవరూ రాసి పెట్టలేదు. పైగా నా తప్పు నేను రాయకపోతే మా బామ్మర్ది తనకు నచ్చినట్టు చెబుతాడు. ఇప్పటికే చెబుతున్నాడు.

కరోనా రెండో ఏడు, వలస వచ్చి మేం పనిచేసే బమ్రోలి మరమగ్గాల కార్ఖానా మళ్లీ మూతపడింది. స్నానాల గదుల గోడలకు ప్లాస్టిక్ ప్యానెళ్లు బిగించే బామ్మర్ది నన్ను తోడు తీసుకున్నాడు. నా మూడో పని అదే నగరంలో అడాజన్ పేటలో ఒక ఫ్లాటు. ఆ ఇంటావిడ భర్త ఆసుపత్రి నుంచి రెండు రోజుల్లో వస్తున్నాడు. ఆయన్ను విడిగా ఉంచబోయే గదికి ఆనుకున్న స్నానాల గది గోడంతా చెమ్మ, బూజు. దెబ్బతిన్న ఊపిరితిత్తులకు అది పడదని డాక్టరు చెప్పాడట. ఆయన వచ్చేలోగా గోడ సిద్ధం కావాలని, అంతకు మించి ఏమీ వద్దని ఆమె హిందీలో చెప్పింది. తలుపు దగ్గర ఆయనకోసం కొత్త చెప్పులు అప్పటికే పెట్టి ఉన్నాయి.

దుకాణాలు మధ్యాహ్నానికే మూసేస్తున్నారని బామ్మర్ది సిలికాన్ జిగురు తేవడానికి వెళ్లాడు. మూలల్లో జర సందు ఇడువమని చెప్పే పోయాడు. నేను వదల్లేదు. ఇరవై ఏళ్లు మగ్గం ముందు నిలబడ్డవాణ్ని. బట్టలో ఒక్క పోగు సందు కనపడితే థానంతా డ్యామేజీ కింద పోతుంది. ప్యానెళ్లను ఈ మూల నుంచి ఆ మూలకు చెక్కతో కొట్టి బిగించాను. బామ్మర్ది తిరిగి వచ్చేసరికి గోడ నున్నగా, ముచ్చటగా ఉంది. మూలల మీద సిలికాన్ పూసి వెళ్లిపోయాం.

మర్నాడు పొద్దున ఆమె గీజర్ వేసి వేడినీళ్లు వదిలింది. కాసేపటికి గోడ నడుమ పొంగిన పూరీలా ఉబ్బింది. ఫోన్ చేసి మమ్మల్ని రప్పించిన ఆమె, గోడ చూపించి తలుపు దగ్గరి చెప్పుల వైపు చూసింది.

బామ్మర్ది ఉబ్బు మీద అరచెయ్యి పెట్టాడు.

"సందు ఇడిశినవా బావా?"

"ఇడువలే."

"ఎండకు సాగుతదని రైలు పట్టాల నడుమ సందు ఇడుస్తరని నా పెండ్లిల అందరిని కూసోవెట్టి చెప్పినవు గదా. ఇనుమే సాగుతదట, గీ ప్లాస్టిక్ సాగదా?"

అది నేను మా ఊరి గ్రంథాలయంలో చదివిన ముక్కే. ఇద్దరం మూల ప్యానెళ్లు ఊడదీసి, అంచులు నాణెం మందం కోసి, ఆ సందును మెత్తటి సిలికాన్‌తో నింపాం. అది ఆరడానికి ఒక రోజు. మిగిలింది కూడా ఒక్క రోజే.

ఆయన వచ్చిన సాయంత్రం, అవసరమైతే పిలుస్తానని ఆమె మమ్మల్ని కింద ఉండమంది. స్కూటరు పక్కన నిలబడ్డాం. చాలాసేపటికి ఆమె బాల్కనీలోకి వచ్చి, అరచెయ్యి నిటారుగా, చదునుగా పెట్టి చూపించింది. గోడ కదల్లేదు. ఆయన స్నానం అయింది.

పేర్లు రాస్తే వీళ్లెవరికీ నచ్చదు, కాబట్టి వరసలతోనే మొక్కుతున్నాను. కేకలేయకుండా ఇంకో రోజు ఇచ్చిన ఆ ఇంటావిడకు. చందా డబ్బు కట్టలేని నన్ను బల్ల దగ్గర కూర్చోనిచ్చిన మా ఊరి గ్రంథాలయం సారుకు. చదివింది చేతికి ఎక్కించిన మా బామ్మర్దికి.