నాలుగో చుట్టు చివర

పదహారేళ్ల వయసులో నా భయాలన్నీ మీటర్లలోనే ఉండేవి. పదహారు వందల మీటర్లు, తొమ్మిది నిమిషాలు. సాఫ్ట్‌బాల్ జిల్లా జట్టులోకి రావాలంటే ఆ గడువులో పరుగు ముగించాలి. నేనేమో క్యాచర్‌ని. బ్యాటర్ వెనక గొంతుక్కూర్చొని బంతి పట్టడమే నా పని; మ్యాచ్ మొత్తంలో నేను నడిచే దూరం మా వీధి కిరాణా కొట్టుకు కూడా చాలదు. "సార్, బేస్‌కూ బేస్‌కూ నడుమ అరవై అడుగులే గదా, గింత దూరమెందుకు ఉరకాలె?" అని ఒకసారి ధైర్యం చేసి అడిగాను (బేస్ అంటే మా ఆటలో పరుగెత్తి తాకాల్సిన మజిలీ). మా కోచ్ సారు (అంపైర్ కూడా ఆయనే, ఇంకొకరు దొరకలేదు) మీసాల్లో నవ్వి, "ఆఖరి ఇన్నింగ్స్‌ల నీ మోకాళ్లనడుగు బిడ్డా, అవే చెప్తయ్" అన్నారు. నా మోకాళ్లు రెండో ఇన్నింగ్స్ నుంచే చెబుతుండేవి, అది వేరే సంగతి.

ఇంట్లో బాపు ముందే తేల్చేశాడు: "గీసారి పేరు రాకుంటే ఆట బంద్. ఇగ చదువుకో." పరుగు పరీక్ష రోజు పొద్దున గగన్‌పహాడ్ దగ్గరి మైదానంలో సున్నపు గీత మీద నిలబడ్డాను. రెండో చుట్టుకే అందరి వీపులూ కనిపించాయి. మూడోది పూర్తవుతుండగా సార్ టైం ఎంతైందో అరిచారు; సరిగ్గా అప్పుడే పక్కనున్న విమానాశ్రయంలోకి తలమీదుగా దిగుతున్న విమానం ఆ మాటను మింగేసింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఊపిరి అందదని అదీ ఆపుకున్నాను.

చివరి మలుపు దాటి గీతవైపు వచ్చేసరికి, ఎప్పుడో ముగించేసి సార్ పక్కన నిలబడ్డ, బంతి విసిరే మా పిచ్చర్ (జట్టంతా బుల్లెట్ అనేవాళ్లం) స్టాప్‌వాచ్‌లోకి తొంగిచూసి, "ఉరకవే, ఇంక రెండే సెకన్లున్నయ్!" అని కేకపెట్టింది. సున్నపు గీత ఇంకా ఏడెనిమిది గజాల దూరంలో ఉంది. బుర్ర పనిచేయలేదు, అలవాటు పనిచేసింది. గీత దగ్గరపడగానే, చివరి మజిలీ హోమ్ బేస్‌లోకి దూకినట్టు ముందుకు దూకి పొట్టమీద జారిపోయాను. ఆ దుమ్ములో సార్ వంగి, బేస్ చేరిన ఆటగాళ్లు అవుట్ కాలేదని అంపైర్ చూపే సైగలో రెండు చేతులూ బారజాపి, "సేఫ్!" అని అరిచారు.

చాపిన చేతిలో స్టాప్‌వాచ్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆపడం మరిచిపోయారు! ఆయన ముఖం చూస్తే నాకు ప్రాణం పోయినంత పనైంది. "అంపైర్ మాట ఎనుకకు తీస్కోరు గదా సార్?" అంది బుల్లెట్ మెల్లగా. సార్ గీరుకుపోయిన నా మోచేతులు చూసి, నిట్టూర్చి, పేరు రాసుకున్నారు. "రోజూ నాలుగు చుట్లు ఉరకాలె, సమజైందా?"

ఉరికాను. ఆ ఏడు ఆఖరి ఇన్నింగ్స్‌లో నా మోకాళ్లు ఒక్క మాట అనలేదు. ఆ రోజు గీతను సమయానికి అందుకున్నానో లేదో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు ఆ విమానాశ్రయంలోనే ఉద్యోగం. పొద్దున్నే స్టాఫ్ బస్సు వెనక పదడుగులు పరుగెత్తితే ఆయాసం. బస్సు వెళ్లిపోయాక అది లేపిన దుమ్ములో నిలబడి, చేతులు బారజాపే మనిషి ఎక్కడైనా ఉన్నాడేమోనని చుట్టూ చూసి, నవ్వుకుంటాను.