కలిసున్నట్టా, విడిగా ఉన్నట్టా?

బడిపిల్లల వ్యాను నడపడం మొదలుపెట్టినప్పటినుంచి ఆవిడ అసలు పేరు వీధిలో అందరూ మర్చిపోయారు. పిల్లలు వ్యానక్క అన్నారు, వాళ్ళ తల్లులూ వ్యానక్కే అన్నారు, చివరికి పాలవాడు కూడా అదే పేరుతో కేకేసేవాడు. మనిషి చలాకీ. వెనక సీట్లో ఎవడు ఎవడి జుట్టు పీకాడో తల తిప్పకుండానే చెప్పేసేది. ఏ సంగతైనా అవునంటే అవును, కాదంటే కాదు. నాన్చడం ఆవిడ ఒంట్లో లేదు. అలాంటి మనిషిని ఒక చిన్న ప్రశ్న పట్టుకుని ఊపిరాడనివ్వలేదు.

ఆవిడ భర్త లిఫ్టుల మెకానిక్. ఊళ్ళో ఏ లిఫ్టు మధ్యలో ఆగిపోయినా ఆయనకి ఫోను రావాల్సిందే. నోట్లోంచి మాట రావడం మాత్రం కష్టం. ఆయన మేడ మీద గదిలో ఉంటాడు, ఆవిడా కూతురూ కింద ఉంటారు. ఇదేదో దెబ్బలాడుకుని చేసుకున్న పంపకం కాదు. మేడ గదిలో ఉండే అత్తగారు మంచాన పడ్డప్పుడు కనిపెట్టుకుని ఉండటానికి ఆయన పైకి మకాం మార్చాడు. కొన్నాళ్ళకి ఆ పెద్దావిడ పోయింది. ఆయన మాత్రం దిగలేదు. రమ్మని ఈవిడా అనలేదు, రానని ఆయనా అనలేదు. అప్పటికి కూతురు మూడో తరగతి. ఇప్పుడు కాలేజీకి వెళ్ళబోతోంది.

ఆ ఇల్లు అలాగే నడిచిపోయింది. కరెంటు బిల్లు ఆయన కడతాడు, సరుకులు ఆవిడ తెస్తుంది. కుళాయి కారితే ఆయన రెంచి పట్టుకుని దిగి, బాగుచేసి, ఆ పూట కిందే తిని, మళ్ళీ మెట్లెక్కుతాడు. ఆయనకి జ్వరమొస్తే ఆవిడ మాత్రలు పట్టుకుని పైకెళ్తుంది. మిగతా రోజుల్లో కూతురే రాయబారి.

కూతురికి మంచి కాలేజీలో సీటొచ్చింది. ఫీజు చూస్తే కళ్ళు తిరిగాయి. ఆదాయం చాలని కుటుంబాల పిల్లలకి కాలేజీయే సాయం చేస్తుందని తెలుసుకుని ఆ పిల్ల దరఖాస్తు తనే నింపి పంపింది. కొద్దిరోజులకే కబురొచ్చింది: మీ కుటుంబ ఆదాయం వివరాలు సరిచూడాలి, తల్లిని వెంటబెట్టుకుని రండి.

"ఏం రాశావే, వాళ్ళకి అనుమానమొచ్చేలా?" అంది వ్యానక్క.

"ఏం లేదమ్మా. నీ జీతం రాశాను."

"మరి మీ నాన్నది?"

పిల్ల నసిగింది. "అమ్మానాన్నలు విడిగా ఉంటే, మనం ఎవరి దగ్గరుంటే వాళ్ళదే రాయమన్నారు. అందుకని విడిగా ఉంటున్నారన్న చోట టిక్కు పెట్టాను."

"విడిగా ఉంటున్నామని నీతో ఎవరన్నారే?"

"మరి కలిసుంటున్నారా?"

వ్యానక్క తలెత్తి మేడ మెట్ల వైపు చూసింది.

కాలేజీలో సాయం చూసే ఆఫీసు ఇరుకైన గది. మూలన ప్రింటరు గరగరలాడుతోంది, బల్లల మీద ఫైళ్ళు మనిషెత్తు లేచి ఉన్నాయి. ఆదాయాలు సరిచూసే అధికారి పడుచు మనిషి, మర్యాదస్తురాలు.

"అమ్మా, మీ జీతం కాగితాలు బాగానే ఉన్నాయి. ఒక్కటే సందేహం. మీవారి చిరునామా, మీ చిరునామా ఒకటే ఉంది."

"ఒకే ఇల్లు కదండీ."

"అంటే కలిసే ఉంటున్నారు."

"లేదండీ, ఆయన పైన, మేం కింద."

"ఓహో, విడిపోయారన్నమాట."

"అయ్యో, విడిపోవడమేంటండీ! మేమేమన్నా కొట్టుకున్నామా, తిట్టుకున్నామా?"

రాయబోతున్న అధికారి చెయ్యి ఆగింది. "పైన వేరే వంటిల్లుందా?"

"స్టవ్వుంది. టీ కాచుకుంటారు."

"మరి భోజనం?"

"కుళాయి పాడైతే కిందే తింటారు."

"పాడవకపోతే?"

"బయట తింటారేమోనండీ. నేనెప్పుడూ అడగలేదు."

అన్నాక ఆవిడకే ఎలాగో అనిపించింది. ఇన్నేళ్ళుగా మనిషి ఎక్కడ తింటున్నాడో అడగలేదా తను? పక్కన కూతురు గోళ్ళు చూసుకుంటోంది.

అధికారి నుదురు రుద్దుకుంది. "అమ్మా, మా నిబంధనల్లో రెండే దారులున్నాయి. కలిసుంటే ఇద్దరి సంపాదనా కలుపుతాం, సాయం తగ్గుతుంది. విడిగా ఉంటే మీదొక్కటే చూస్తాం. మీ ఇంటి సంగతి నేను తేల్చలేను. ఇద్దరూ మాట్లాడుకుని శుక్రవారం రండి. ఇద్దరూ ఒకే మాట చెప్పండి, చాలు."

మర్నాడు వ్యాను నడుపుతున్నా ధ్యాసంతా ఆ ప్రశ్న మీదే. సందు మలుపు దాటాక వెనకనుంచి ఒక పిల్ల గోలపెట్టింది: "వ్యానక్కా, మా ఇల్లు వెళ్ళిపోయింది!" ఏళ్ళ తరబడి రోజూ ఆపే ఇల్లు. ఆవిడ నాలిక్కరుచుకుని వ్యాను వెనక్కి తిప్పింది.

సాయంత్రం మెట్లెక్కింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని లిఫ్టు బటన్ల పలక ఒకటి బ్రష్షుతో తుడుస్తున్నాడు. ఆవిణ్ణి చూసి గబుక్కున లేచాడు.

"ఏమైంది? కుళాయా?"

"కుళాయీ కాదు, గిళాయీ కాదు. ఒకటి అడగాలి. మనం కలిసున్నట్టా, విడిగా ఉన్నట్టా?"

ఆయన బ్రష్షు పక్కన పెట్టాడు. ఆవిడ కాలేజీ సంగతంతా చెప్పింది. ఆయన విని, "ఏం చెబితే పిల్లకి ఎక్కువొస్తుంది?" అన్నాడు.

"విడిగా అంటే."

"అయితే అదే చెబుదాం."

ఆవిడకి ఎక్కడలేని కోపమొచ్చింది. ఎందుకొచ్చిందో మాత్రం తెలీలేదు. "అంత తేలిగ్గా అనేశారే!"

"నువ్వేగా అడిగింది!"

"మనమేంటని అడిగాను. పిల్లకి ఎంతొస్తుందని అడిగానా?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. "అమ్మ పోయాక దిగుదామనే అనుకున్నాను. ఒకరోజు కిందికొచ్చి చూస్తే నా మంచం ఉన్నచోట పిల్ల చదువుకునే బల్ల వేశావు. సరే, చోటు లేదు కాబోలు అనుకున్నాను."

"మీరు దిగట్లేదు కదాని బల్ల వేశాను!"

"నేను దిగుదామని వచ్చేసరికే బల్ల వేసేశావుగా?"

"మీరు ముందే దిగితే బల్లెందుకు వేస్తాను?"

ముందు బల్లా, ముందు ఈయనా? ఇద్దరూ వేళ్ళు మడుస్తూ ఆ రోజులు గుర్తుచేసుకున్నారు. పిల్లకి గవదలొచ్చింది అప్పుడేనా, ఆ తర్వాతా? పెద్దావిడ బట్టలు ఎవరికో ఇచ్చింది ఎప్పుడు? ఎంత తవ్వినా తేలలేదు. మధ్యలో ఆయన టీ కాచాడు. గ్లాసు ఒక్కటే ఉంటే ఆవిడ దాంట్లోనూ, ఆయన చెంబులోనూ తాగారు. ఎక్కినప్పుడు ఎంత తెలుసో, దిగినప్పుడూ ఆవిడకి అంతే తెలుసు.

శుక్రవారం ముగ్గురూ ఆఫీసుకెళ్ళారు. వ్యానక్క మనసులో ఒక నిర్ణయానికొచ్చేసింది: ఆయన అన్నట్టే పిల్ల బాగే ముఖ్యం, విడిగా అనేద్దాం.

అధికారి ఇద్దర్నీ కూర్చోబెట్టి, "చెప్పండి," అంది.

"విడిగానే," అంది వ్యానక్క.

"కలిసే," అన్నాడు ఆయన, అదే క్షణంలో.

కూతురు రెండు చేతులతో మొహం కప్పేసుకుంది.

"అదేంటండీ? మీరేగా విడిగా అన్నారు!" వ్యానక్క ఆయన మీదికి తిరిగింది.

"నీకు కోపమొచ్చిందిగా. అది నీకిష్టం లేదేమో అనుకున్నాను."

"మరి ఒక్కమాట నాతో అనొచ్చుగా?"

"నువ్వూ అనొచ్చుగా, ఈ సంగతి?"

అధికారి నవ్వాపుకోలేకపోయింది. కాగితాలు పట్టుకుని లోపలి గదిలో పెద్దాయన దగ్గరికెళ్ళింది. చాలాసేపటికి తిరిగొచ్చి, ఒకే ఇంట్లో ఉంటూ, విడాకుల పత్రం గానీ వేరే అద్దె చీటీ గానీ లేనప్పుడు ఒకే కుటుంబంగా లెక్కేయమన్నారని చెప్పింది. "పాప తెలిసి తప్పు రాయలేదని నేనూ చెప్పాను. ఇద్దరి ఆదాయమూ కలిపినా కొంత సాయమొస్తుంది. అనుకున్నంత మాత్రం రాదు."

"మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడు ఆయన. అంత గట్టిగా ఆయన మాట్లాడటం కూతురు వినడం అదే మొదటిసారి.

సంతకాలు పెట్టారు. కాగితం మీద ఇద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వ్యానక్క తన అసలు పేరు చూసుకుని ఇదెవరిదా అనుకుంది ఒక క్షణం.

కూతురు హాస్టల్‌కి వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. ఆయన ఆదివారాలు కూడా పనికి వెళ్తున్నాడు. కొన్ని పూటలు పిలవకుండానే దిగి తింటున్నాడు, కొన్ని పూటలు దిగడు. ఎంత వండాలో ఆవిడకి అంతుపట్టక ఒకరోజు మిగిలిపోయేది, ఒకరోజు చాలేది కాదు. "అయితే మీరిద్దరూ కలిసిపోయినట్టేనా?" అని పక్కింటావిడ ఉండబట్టలేక అడిగింది. "ఆఫీసులో అయితే కలిసే ఉన్నామంట," అంది వ్యానక్క. ఆవిడ ఎగతాళికి అనలేదు, తెలిసింది చెప్పింది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది. పరీక్షలూ, గదిలో నల్లులూ, స్నేహితురాలి గురకా అన్నీ అయ్యాక, "నాన్న ఎక్కడమ్మా?" అంది.

"తెలీదే. ఇందాక ఇక్కడే ఉన్నట్టున్నారు."

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. ఆయన చాప మీద, చేతిలో పేపరు చేతిలోనే ఉండగా, ఒళ్ళు తెలీకుండా నిద్రపోతున్నాడు. లేపి పైకి వెళ్ళి పడుకోమనాలో, తలకింద దిండు పెట్టాలో ఆవిడకి తోచలేదు.

"అమ్మా, ఉన్నావా? నాన్న పైనున్నారా?"

"కిందే ఉన్నారే," అంది గొంతు తగ్గించి. "పడుకున్నారు. మళ్ళీ చెయ్యి."