డిలే పెడల్‌కు ఆవిడ పెట్టిన వేగం

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఎల్బీనగర్ చౌరస్తాకు కాస్త ముందు రాస్తారోకోలో మా బస్సు ఇరుక్కుపోయింది. నాకు ఒళ్లు మండిపోతోంది. కాళ్ల మధ్య గిటార్, ఒళ్లో డిలే పెడల్. అది మనం మీటిన స్వరాన్ని కాస్త ఆగి తిరిగి పలుకుతుంది. దాని బటన్‌ను పాట వేగానికి సరిగ్గా నొక్కాలి, లేకపోతే ప్రతిధ్వని తాళం తప్పుతుంది. చిరాకులో నేనెలా నొక్కినా, పెడల్‌కు తగిలించిన ఇయర్‌ఫోన్లలో గందరగోళమే.

పక్క సీట్లో, రాస్తారోకోలోంచి ఎండకు తాళలేక ఎక్కి కూర్చున్న ఒక పెద్దావిడ. నినాదాలిచ్చి గొంతు బొంగురుపోయినట్టుంది.

"ఏందది?" అంది.

"రేపు ప్రోగ్రాం ఉందండీ. మీ గొడవ వల్ల ప్రాక్టీసు పోయింది," అన్నాను విసురుగా.

"మా గొడవనా? ఈడనే ఉంటవ్, ఈడి నీళ్లే తాగుతవ్. నీది కాదా?"

అంటూనే చెయ్యి చాచి, ఇందాకట్నుంచి నేను నొక్కుతుంటే చూసిన ఆ బటన్‌ను, బయట జనం "జై తెలంగాణ" అంటున్న వేగంతో టపటపా నొక్కింది.

"గిప్పుడు కొట్టు!"

కసికొద్దీ కొట్టాను. ప్రతి స్వరం తిరిగొచ్చి, బయటి కేకలతో పాటు తాళంలో పడింది. నేను తలెత్తేసరికి ఆవిడ బస్సు దిగి జనంలోకి పోతోంది.

అడక్కుండా నా పెడల్‌ను ముట్టుకున్నందుకు ఇప్పటికీ కోపమే. కానీ ఆ రోజు బస్సులో కొట్టిన పాటను మరో వేగంలో వాయిస్తే, తప్పు వాయిస్తున్నట్టు నాకే వినిపిస్తుంది.