జేజి వేలి కింద గడియారం

వాచీలు కడిగే తెల్ల పెట్రోలు సీసా మూత తీయగానే ముక్కుకు తగిలే ఆ చల్లని ఘాటు నన్ను ఈ వయసులో కూడా ఒక్కచోట కుదురుగా ఉండనివ్వదు. ఉద్యోగం అయిపోయాక ఏదో ఒక వ్యాపకం పెట్టుకోమని అందరికీ చెప్తారు కదా, నాకా బెంగ లేదు, నా వ్యాపకం చిన్నప్పుడే నన్ను పట్టుకుంది. చచ్చిన వాచీలు ఎక్కడ దొరికినా ఏరుకొచ్చి, ఒకదాని యంత్రం ఇంకొకదాని డబ్బాలో ఇరికించి, వేరేదాని ముళ్ళు తగిలించి, అది టిక్కుమనేదాకా అన్నం సయించక తిరుగుతాను. ఇంట్లోవాళ్ళు వాచీల పిచ్చి అంటారు. పిచ్చే, కాదనను. బ్రష్షు పెట్రోల్లో ముంచితే చాలు, ధర్మవరంలో మా మట్టిమిద్దె, నాయన మగ్గం, మగ్గం పక్కన చాప మీద జేజి కళ్ళముందుకొస్తారు.

మాది పట్టుచీరలు నేసే ఇల్లు. నాయన గుంతమగ్గంలో కాళ్ళు దించి కూర్చున్నాడంటే పొద్దు వాలేదాకా టకటక ఆగేది కాదు. అమ్మ కండెలు చుడుతూనే పొయ్యి మీద సంగటి గెలికేది. ఆషాఢం గాలి మొదలైందంటే ఎర్రదుమ్ము మూసిన తలుపు సందుల్లోంచి కూడా దూరి నీళ్ళ బిందెల మీద, ఉగ్గాని గిన్నె మీద, మా కనురెప్పల మీద కూర్చునేది. మబ్బులు వచ్చేవి, మమ్మల్ని చూసి పోయేవి, ఊరు ఊరంతా ఎవరి మీదో తెలియని చిరాకుతో ఉండేది. ఆ చిరాకులో నా వాటా నాకూ ఉంది. అచ్చనగండ్లు ఆడుతూ ఆట మధ్యలో లేచిపోయేదాన్ని, ఉగాదికి ఓళిగలు పెనం మీద ఉండగానే చెయ్యి కాల్చుకునేదాన్ని. నా కాళ్ళ కింద నిప్పులున్నాయేమో చూడమని అమ్మ నాయనతో అనేది.

జేజి అంటే నాయనను కన్న తల్లి. మగ్గం మీద ఒక పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించాలంటే పాత పోగు కొసకు కొత్త పోగు కొస చేర్చి, వేళ్ళతో మెలితిప్పి, ఒక్కొక్కటిగా అతకాలి. పట్టుపోగు చెమట వేళ్ళకు నిలవదు, అందుకని అతికేవాళ్ళ పక్కన కొబ్బరిచిప్పలో జల్లించిన బూడిద ఉంటుంది. వేళ్ళు అందులో అద్దుకోవడం, పోగు మెలిపెట్టడం, మళ్ళీ అద్దుకోవడం. మా వీధిలో జేజిలాగా అతికేవాళ్ళు లేరు, ఆమె చేతిలో పోగు తెగిందని ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఇంటికి గడియారం కూడా ఆమే. మిద్దె గవాక్షిలోంచి పడే ఎండ ఏ బండ దాటిందో చూసి, ఎసరు పెట్టమని అమ్మను, నడుము చాపుకోమని నాయనను, కొళాయి దగ్గర బిందె పెట్టమని నన్ను అదిలించేది.

తర్వాత ఆమె చూపు పోయింది. పోగులూ పోయాయి, ఎండా పోయింది, అదిలించే పనీ పోయింది. చాప మీద కూర్చుని, “టయిమెంతాయ పాపా?” అని అడగడం ఒక్కటే మిగిలింది. ఇప్పుడే చెప్పాం కదా అంటే, ఇప్పుడు ఎంతాయో చెప్పమనేది. మొదట్లో అందరం సరిగ్గానే చెప్పాం. రానురాను విసుగొచ్చి, ఆమె ఊరుకుంటే చాలని నోటికొచ్చింది చెప్పడం మొదలైంది. ఒక రోజు దీపాల వేళ అయినా కండెల పని మిగిలి ఉండి, అమ్మ “ఇంగా శానా పొద్దుండాదిలే అత్తా” అనేసింది. అంతలో బయట కోళ్ళను గంప కింద కమ్ముతున్న అలికిడి జేజి చెవిన పడింది.

“కండ్లు పోయినోల్లకు ఏమన్నా సెప్పొచ్చు గదా,” అంది. అరవలేదు, ఏడవలేదు. ఆ రాత్రి సంగటి ముట్టలేదు. నాకు ఒళ్ళంతా మండిపోయింది, ఎవరి మీదో కూడా తెలియలేదు. ఎవర్నీ అడగనక్కర్లేని గడియారం ఒకటి ఆమెకు ఇవ్వాలనిపించింది. అనిపించిందంటే నాకు ఇక ఆగడం తెలియదు.

బజారు మలుపులో వాచీలు బాగుచేసే ఒక సాబు ఉండేవాడు. మేమంతా మామా అనేవాళ్ళం. ఒక కంటికి భూతద్దం బిగించుకుని, రెండో కన్ను మూసుకునే నాతో మాట్లాడేవాడు. ఆయన దగ్గర పనికిరానివి పడేసే రేకుడబ్బా ఒకటి ఉండేది. వద్దన్నా వినకుండా దాంట్లో చేతులు పెట్టి కెలుకుతుంటే కసిరాడు, మళ్ళీ మళ్ళీ వెళ్తుంటే కసరడం మానేశాడు. ఆ డబ్బాలోంచి ఒక జేబుగడియారం డబ్బా, ఇంకోదాని యంత్రం మామా నేనూ కలిసి తీశాం. అద్దం పీకేశాను. అంకెల పళ్ళెం మీద పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది దగ్గర నా దండలోని పూసలు లక్కతో అంటించాను. మామూలు ముళ్ళు వేలు తగిలితే వంగిపోతాయి, వాటి బదులు గట్టివి కావాలి. మగ్గం మీద పడుగుపోగులను సర్దే ఉక్కుదువ్వెన లాంటిదాన్ని అచ్చు అంటాం. విరిగి మూలపడిన అచ్చులోంచి పళ్ళు లాగి, గచ్చు మీద అరగదీసి, పొడుగొకటి పొట్టొకటి చేసి తీసుకెళ్తే, మామ వాటిని పాత ముళ్ళ బొడ్డుకు టంకం పెట్టి ఇచ్చాడు.

“చెయ్యి బాగుండాది. బుద్దే ఒక జాగాలో ఉండదు నీకు,” అన్నాడు. అంతటితో ఆగకుండా, “ఇది ఒక దినం గూడా నిలబడదు పాపా. ఏలు పెట్టినప్పుడల్లా ముల్లు జరుగుతాది,” అన్నాడు.

ఆయన అన్నట్టే అయింది. ఇంటికి తెచ్చి కళ్ళు మూసుకుని నేను తడిమితే పెద్దముల్లు జరిగింది. నాయన తడిమినా అంతే, అమ్మ తడిమినా అంతే. టైము చూడబోయినవాళ్ళల్లా టైమును తోసేస్తున్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాయన గవాక్షి ఎండ చూసి ముళ్ళు సరిచేసి, దాన్ని తీసుకెళ్ళి జేజి ఒళ్ళో పెట్టాడు. జేజి చేత్తో చుట్టూ తడిమి, అదేమిటో తెలుసుకుని, అలవాటుగా చెయ్యి ఒకసారి తలగడ పక్కకు పోనిచ్చి తెచ్చి, చూపుడువేలు పూసల మీదుగా పోనిచ్చి ముళ్ళ దగ్గర ఆపింది. వంగి చూశాను. ముల్లు కదల్లేదు.

“మూడు దాటింది. కొళాయి కాడికి పో,” అంది జేజి.

ఆ అదిలింపు విని బిందె ఎత్తుకుని వీధిలో పరుగెత్తినంత ఆనందంగా నేను దేనికీ పరుగెత్తలేదు. జేజి గడియారాన్ని పట్టుతాడుతో మెళ్ళో వేసుకుంది. అమ్మ ఎసరు ఆలస్యం చేస్తే మాట పడేది, నాయన నడుము చాపకపోతే మాట పడేవాడు. ఇంట్లో మళ్ళీ ఒక పెద్ద దిక్కు ఉన్నట్టయింది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అన్నానికి పిలిస్తే జేజి లేవలేదు. ఇంకా మధ్యాహ్నమే అంది. దీపం పెట్టేశామని అమ్మ ఎంత చెప్పినా, “మల్లా మొదలు పెడితిరా?” అంటూ తల తిప్పుకుంది. నాయన మగ్గం ఆపాడు. ఆ టకటక ఆగాక జేజి గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. చప్పుడు లేదు. నెమ్మదిగా తాడు తీసి చాప మీద పెట్టి, “ఇదీ మీ మాదిరే,” అంది.

నన్ను కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. తెల్లారీ తెల్లారకముందే బ్లేడుతో వెనక మూత తెరిచాను. చక్రాల పళ్ళ మధ్య సన్నటి బూడిదరంగు పొడి. ఎర్రదుమ్ము కాదు. తలెత్తి చూస్తే, పోగుల పని పోయినా జేజి వదలని బూడిద కొబ్బరిచిప్ప ఆమె తలగడ పక్కన కనిపించింది. సన్నటి పని ముట్టుకునే ముందు వేలు బూడిదలో అద్దుకోవడం ఆమెకు ఊపిరి తీసుకోవడంలాంటిది. గడియారం చూసిన ప్రతిసారీ వేలు అద్దుకునే చూసింది.

“బూడిద పొయ్యిండాది జేజీ లోపలికి,” అన్నాను.

జేజి చెయ్యి చాపి కొబ్బరిచిప్పను దగ్గరికి జరుపుకుంది. “బూడిద లేకుంటే నా ఏలు నా మాట ఇనదే పాపా. తోసేస్తాది,” అంది.

అమ్మ చిప్ప తీసేద్దామంది. నేను తియ్యనివ్వలేదు. దానికి బదులు వారం వారం గడియారం విప్పడం మొదలుపెట్టాను. మామ దగ్గర సీసాలో కాస్త పెట్రోలు పోయించుకొచ్చి, విప్పిన మరలు విప్పిన వరసలో తెల్లగుడ్డ మీద పేర్చి, కడిగి, ఆరబెట్టి, సూదిమొనతో నూనె చుక్క పెట్టి, మళ్ళీ బిగించేదాన్ని. మొదట్లో స్ప్రింగు ఎగిరిపోయి ఇల్లంతా పాకుతూ వెతికేవాళ్ళం, జేజి చేత్తో చాప తడిమి తనే పట్టిచ్చేది. ఒక్కచోట నిలవని నేను ఆ గుడ్డ ముందు గంటలకొద్దీ కూర్చునేదాన్ని. నాకీ విద్య అబ్బింది ఆ బూడిద వల్లే. జేజి ఉన్నన్నాళ్ళూ ఆ గడియారం మళ్ళీ అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు మా వీధిలో ఎక్కువగా మరమగ్గాలే. బూడిద జల్లించే ఇల్లు ఒక్కటీ కనిపించదు, వాచీ మామ అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, కొళాయి వేళకు ఎవరూ ఎవర్నీ అదిలించరు. ఈ బల్ల మీద మాత్రం నిన్న రాత్రి బిగించిన వాచీ ఒకటి అద్దం కోసం ఎదురుచూస్తోంది. అద్దం వేసే ముందు ప్రతిసారీ చేసే పనే ఇప్పుడూ చేశాను. కట్టెల పొయ్యి లేని ఇంట్లో అగరువత్తి నుసే నాకు దిక్కు, అందులో వేలు అద్దుకుని, కళ్ళు మూసుకుని, పెద్దముల్లును తాకాను. ఇన్నేళ్ళ పనితనం, ఇన్ని వాచీలు, ఈ చేతిని మెచ్చుకున్న ఇంతమంది.

కళ్ళు తెరిచి చూస్తే, ముల్లు జరిగింది.