పసుపు పెట్టిన కుస్తీ చీటీ

నిన్న ఆమదాలవలస స్టేషన్ బయట బడ్డీలో వేలాడుతున్న బొమ్మల చీట్ల ప్యాకెట్టు చూశాక నా పదేళ్లప్పటి సంగతొకటి గుర్తొచ్చింది. అప్పుడే మా ఊరి సెల్ రీఛార్జి కొట్టులోకి కుస్తీవాళ్ల బొమ్మా, కింద ఒక అంకే ఉండే చీట్లు కొత్తగా వచ్చాయి. అందరివీ బోర్లించి కలిపి, తలా ఒకటి తియ్యాలి. పెద్ద అంకె వచ్చినవాళ్లకు ఎదుటివాళ్ల చీటీ సొంతం. అప్పటికి నాకు అక్షరాలు రావు గానీ అంకెలొచ్చు, అందుకే ఆ ఆట మీద అంత ఆశ.

నాకు దొరికింది ఒక్క చీటీ. మా ఇంట్లో కొత్త వస్తువేదైనా పసుపు పెట్టందే వాడం. చీటీ వెనకాల పసుపు బొట్టు పెట్టి మరీ తీసుకెళ్లాను.

"ఏటే ఇది? బోర్లించినా నీదేదో తెలిసిపోతాది. నువ్వు ఆడకు," అన్నారు పిల్లలు.

లేచి ఇంటికి బయల్దేరబోయాను. ఆ పిల్లల్లోనే ఉన్న పక్కింటి పైడమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కూకోయే. మీ ఇంట్లో పసుపుంటే అట్రా."

నేను తెచ్చిన పసుపుతో తన పన్నెండు చీట్లకూ బొట్లు పెట్టేసింది.

"ఇప్పుడు నీదేదో సెప్పు సూద్దాం."

మిగతావాళ్లు నవ్వుకుంటూ పోయారు. పొద్దుగూకేదాకా మేమిద్దరమే ఆడాం. రెండు చీట్లు గెలిచానని ఇల్లంతా చెప్పుకున్నాను.

ఆ తర్వాత పైడమ్మ చీట్లను కూడా ఎవరూ ఆటలో కలుపుకోలేదు. అది నా వల్లేనని నాకు తోచడానికి చాలా ఏళ్లు పట్టింది. తను మాత్రం ఒక్కనాడూ ఆ మాట అనలేదు.