ఆడవారి వెయిటింగ్ రూం

నల్గొండ వైపు ఒక బ్రాంచి లైను ఉండేది. రైళ్లు ఆగిపోయాక దాని చిన్న స్టేషన్ మాత్రం మిగిలింది. తెలంగాణ వచ్చిన కొత్తలో, దాని ఎదుట బస్సు కోసం నిలబడి ఉంటే కుండపోత మొదలైంది. పరుగెత్తి కనబడ్డ మొదటి గదిలోకి దూరబోయాను.

"ఆగు! బోర్డు సూడలేదా?"

గుమ్మంలో కూర్చున్న అవ్వ చేతికర్ర అడ్డం పెట్టింది. తలుపు మీద 'ఆడవారి వెయిటింగ్ రూం' అని సగం చెరిగిన అక్షరాలు. లోపల మేకలు తీరుబడిగా నెమరు వేస్తున్నాయి.

"మేకలే కదా అవ్వా!"

"మేకలైతేంది, ఆడియి గావా? మొగోళ్లది పక్క రూం. నా పోతులు గాడనే ఉన్నయ్, పో. ఒక్కకాడ ఉంచితే ఎప్పుడువడితే అప్పుడు ఈనుతయ్. గీ ముసురుకు పిల్లలు దక్కయ్."

పక్క గదిలోకి దూరాను. తడిసిన మేకపోతుల కంపుకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడ అవతల నుంచి అవ్వ స్టేషన్ చరిత్ర మొదలుపెట్టింది.

"రైలు నడిచినప్పుడు నన్ను గీ గడప తొక్కనియ్యలె బిడ్డా. మేకల వాసనొస్తున్నవని టేషన్ మాస్టర్ వానల నిలవెట్టిండు. నేనైతే నిన్ను నిలవెట్టలె, సూడు."

నిజమేనన్నాను, ముక్కు మూసుకునే.

వాన తగ్గాక బస్సు వచ్చింది. కిక్కిరిసి ఉంది. ముగ్గురి సీటులో ఎలాగో ఒదిగి కూర్చున్నాను. కాసేపటికి మిగతా ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు లేచి వెళ్లి, దూరంగా కడ్డీ పట్టుకుని వేలాడారు.

నల్గొండ దాకా ఆ సీటంతా నాదే.